కూడిక వెంట తిరిగిన పిల్ల

ఉప్పెన వచ్చిన ఏడు, ఉయ్యూరులో చెరుకు సీజను అప్పుడప్పుడే ఊపందుకుంటున్న రోజుల్లో, మా పేటకి ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్ల నాది కావాలని కోరుకున్నంతగా నా జన్మలో ఇంకేదీ కోరుకోలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు డొంకతిరుగుడు మాటలు చేతకావు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నన్ను ‘గొంతున్న కోడలు’ అనేది. పిల్లల్లేరని అనడానికి ఆవిడకి మనసొప్పేది కాదు, అందుకని నా గొంతు మీద పడేది.

మా పేట పుల్లేరు కాలవ గట్టున ఉండేది. అంతా క్రైస్తవులమే. సగంమంది చెరుకు కొట్టే కూలికి పోయేవాళ్ళు, కొంతమంది పంచదార ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. మా ఆయన ఆమోసు, ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. మాది పెంకుటిల్లు, సిమెంటు గచ్చు, కుట్టు మిషను కూడా ఉండేది. పేటలో ఎవరింట్లో పెళ్ళయినా కూర్చోడానికి కుర్చీలు మా ఇంట్లోంచే వెళ్ళేవి. ఆ కుర్చీలెక్కి తొక్కే పిల్లలు మాత్రం మా ఇంట్లో లేరు.

దివిసీమ కొట్టుకుపోయిందని రేడియోలో విన్నాక మా సొలొమోను అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఇల్లిల్లూ తిరిగి బియ్యం, పాత బట్టలు, ఊరగాయ జాడీలు పోగుచేశారు. ఫ్యాక్టరీకి చెరుకు తోలే లారీ ఒకటి మాట్లాడుకుని, సంఘ పెద్ద ఇశ్రాయేలు బాబాయిని వెంటబెట్టుకుని అవనిగడ్డ వైపు వెళ్ళారు. తిరిగొచ్చిన సాయంత్రం పేటంతా చర్చి ముందు పోగయ్యాం. ఇద్దరి ముఖాల్లోనూ నెత్తురు చుక్క లేదు. లారీ వెనక తలుపు తీస్తే ఖాళీ గోనెసంచుల మధ్య అయిదారేళ్ళ ఆడపిల్ల కూర్చుని ఉంది. ఎవరో మగాళ్ళ చొక్కా తొడిగారు దానికి. చేతులు మడిచినా వేళ్ళు కనపడ్డంలేదు.

“ఎవరండీ అయ్యగారూ, ఈ పిల్ల?” అనడిగాను. ముందడిగేది ఎప్పుడూ నేనే.

“అక్కడ బడిలో పెట్టారమ్మా అందర్నీ. వాళ్ళింట్లో మిగిలింది ఈ తల్లి ఒక్కత్తే. మనవాళ్ళ పిల్లే, పరలోక ప్రార్థన మొత్తం చెబుతోంది. పేరు దయామణి అంట. ఆఫీసర్లతో చెప్పి తీసుకొచ్చాను. బంధువులెవరన్నా వస్తే అప్పజెబుదాం. రాకపోతే మన సంఘం బిడ్డ.”

ఆ మాట ఇంకా ఆయన నోట్లో ఉండగానే ఆడవాళ్ళందరం ఒక్కసారి నోరు విప్పాం. నేనుంచుకుంటానంటే నేనుంచుకుంటానని. అది చూసి మగవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నిజం చెబుతున్నా, మా పేట గురించి నేను ఎన్ని వంకలైనా పెడతాగానీ ఆ సాయంత్రం గురించి మాత్రం పెట్టను. రెండు చీరలకి మూడో చీర లేనివాళ్ళు కూడా ఆ పిల్ల కోసం పోట్లాడారు.

అయ్యగారు మెత్తని మనిషి. ఒకరికిచ్చి ఇంకొకరిని చిన్నబుచ్చడం ఆయన వల్ల కాదు. అప్పుడు ఇశ్రాయేలు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“శుక్రవారం ప్రార్థన కూడిక వారానికో ఇంట్లో జరుపుకుంటన్నాం గదా. ఈ ఇల్లు కాంగానే పక్కిల్లు. పిల్లనీ అట్టాగే చేద్దాం. కూడిక ఎవరింట్లో ఉంటే ఆ వారమంతా పిల్ల ఆ ఇంట్లో. ఎవరికీ తక్కువ చేసినట్టుండదు, ఎవరి మీదా బరువూ పడదు. అందరికీ ఆశీర్వాదమే.”

మాకది ఎంత బాగా తోచిందో చెప్పలేను. ఇంటింటికీ తిరిగే ప్రార్థన కూడికలో పుట్టి పెరిగినవాళ్ళం. మంచిదేదైనా వీధి తూర్పు చివర మొదలై పడమటి చివర ముగియాలని మా లెక్క. అందరం ఆమెన్ అన్నాం. ఆ రోజు నుంచి కూడిక సామాను ఇల్లు మారినప్పుడల్లా, పెట్రొమాక్స్ లైటు, ఈతచాపల చుట్ట, కంజర, తాళాలు, వీటితోపాటు దయామణి కూడా ఇల్లు మారేది.

మా వంతు క్రిస్మస్ ముందొచ్చింది. శుక్రవారం కూడిక అయిపోయి అందరూ వెళ్ళాక ఆ పిల్ల గోడవారగా తన మూట పక్కనే కూర్చుంది. ఆపాటికి మూటలో రెండు గౌన్లూ ఒక దుప్పటీ చేరాయి.

“మూట విప్పి ఇట్టా ఇవ్వమ్మా, బట్టలు పెట్లో పెడతాను,” అన్నాను.

“ఉండనీ అత్తా. మళ్ళీ కట్టుకోవాలిగా,” అంది.

పేటలో ఆడవాళ్ళందరూ దానికి అత్తలే, మగవాళ్ళందరూ మావయ్యలే. ఆ పిల్లకి మేం నేర్పిన మొదటి పాఠం అది.

ఆ వారం నేను ఇంట్లో పండగ చేశాను. మిషను మీద పచ్చ పూల గుడ్డతో గౌను కుట్టాను, చేతులకి లేసు పెట్టాను. ఉదయం పూట పెసరట్టు, సాయంత్రం పాలలో అటుకులు. మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ బందరు రోడ్డులో బత్తాయిలు పట్టుకొచ్చేవాడు. అసలు పేట మొత్తం అంతే. ఆ పిల్ల అడుగుపెట్టిన ఇంట్లో మర్నాడు కోడి కూసేది కాదు, కూరై ఉండేది.

పిల్ల మాత్రం ఏది పెట్టినా తినేది. ఇంకా కావాలని గానీ వద్దని గానీ అనేది కాదు. తిన్న కంచం తనే కడిగి బోర్లించేది. మంచినీళ్ళు తాగాలన్నా నా ముఖం చూసి, “తాగమంటారా అత్తా?” అనేది. నా గుండె తరుక్కుపోయేది. “నీ ఇల్లేనే తల్లీ, అడగాలా?” అంటే తలూపేది. మళ్ళీ దాహమైతే మళ్ళీ అడిగేది. ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని ఆడవాళ్ళందరూ బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. నేనూ నొక్కుకున్నాను.

ఆ వారం రోజులూ నేను సరిగ్గా నిద్రపోలేదంటే నమ్మండి. పక్కన పడుకున్న పిల్ల ఊపిరి వింటూ ఉండేదాన్ని. తెల్లారగట్ల చలికి ముడుచుకుంటే దుప్పటి కప్పేదాన్ని. దాని జుట్టులో ఇంకా ఉప్పునీటి చిక్కు ఉండేది, కొబ్బరినూనె రాసి రాసి విడదీశాను. చిక్కుముడి విప్పుతుంటే నొప్పి పుట్టినా కిక్కురుమనేది కాదు. ఇది నా కడుపున పుట్టి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో దేవుడికే తెలియాలి.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. పొద్దున్నే లేచి చూద్దును గదా, పిల్ల అప్పటికే మూట కట్టేసుకుని, కూడిక తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కింటి దానమ్మ సాయంత్రానికి గానీ రాదు.

“ఇప్పుడే ఎందుకే? ఇంకా బోలెడు పొద్దుంది.”

“మర్చిపోతానేమోనని అత్తా,” అంది.

దానమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంటే వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళింది. నేను లోపలికెళ్ళి పొయ్యి ముందు కూర్చుని, పొగ లేకపోయినా కళ్ళు తుడుచుకున్నాను. మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

“మళ్ళీ వచ్చుద్దిలే మార్తా. వీధంతా తిరిగి మళ్ళీ మనింటికే గదా రావాల్సింది.”

“అదేమన్నా నీ ఫ్యాక్టరీ బెల్టా, తిరిగి తిరిగి అక్కడికే రావడానికి!” అని కసిరాను.

క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వచ్చింది. బందరు రోడ్డు పొడుగునా చెరుకు బళ్ళు బారులు తీరాయి. పిల్ల వారానికో గుమ్మం ఎక్కుతోంది. దివిసీమ నుంచి ఎవరూ రాలేదు. నేను ప్రతి ఆదివారం చర్చిలో దాని పక్కనే కూర్చునేలా చూసుకునేదాన్ని. ఎవరింటి వంతైనా తల మాత్రం నేనే దువ్వేదాన్ని. “మార్తొదిన పిల్లని మళ్ళీ మళ్ళీ దువ్వి బోడిదాన్ని చేసేట్టుంది,” అని దానమ్మ వేళాకోళం ఆడేది. ఆడితే ఆడనీ అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే బెజవాడ నుంచి పెద్దయ్యగారొకరు మా సంఘాన్ని చూడ్డానికి వచ్చారు. తెల్లగడ్డం, చేతికర్ర, నెమ్మదైన మాట. ఉప్పెన పిల్లని మా సంఘం పెంచుతున్న సంగతి ఆయన చెవిన కూడా పడింది. మాకు గర్వం. ఇశ్రాయేలు బాబాయి ఇస్త్రీ పంచె కట్టాడు. ఆరాధన అయ్యాక సండే స్కూలు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టారు. పెద్దయ్యగారు ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి, “నువ్వెవరి అమ్మాయివి? నువ్వెవరి అబ్బాయివి?” అని అడుగుతూ వస్తున్నారు. పిల్లలు తండ్రుల పేర్లు చెబుతున్నారు.

దయామణి వంతొచ్చింది. నేను కుట్టిన పచ్చ పూల గౌను వేసుకుంది. నా కుట్టు చూసి నాకే ముచ్చటేసింది.

“నువ్వెవరి పిల్లవమ్మా?”

పిల్ల చేతులు కట్టుకుని, బళ్ళో అప్పజెప్పినట్టు గడగడా చెప్పింది. “పోయిన వారం ఎలిజబెత్తత్త పిల్లనండి. ఈ వారం సంపూర్ణమ్మత్త పిల్లనండి. వచ్చే వారం ఎవరి పిల్లనో ఇంకా చెప్పలేదండి.”

వెనకెవరో కిసుక్కున నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పెద్దయ్యగారు దాని తలమీద పెట్టిన చెయ్యి అక్కడే ఉంచేశారు, పక్క పిల్ల దగ్గరికి వెళ్ళకుండా. సొలొమోను అయ్యగారు చేతిలో ఉన్న బైబిలు ఒకసారి తెరిచి మళ్ళీ మూశారు.

ఆయన బెజవాడ బస్సెక్కాక చర్చిలోనే కూర్చున్నాం. ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు. “ఏం లోటు చేశామండీ? రాజకుమార్తెలాగా చూసుకుంటన్నాం,” అని ఇశ్రాయేలు బాబాయి అన్నాడు గానీ, ఆ మాటలో జీవం లేదు.

“చుట్టానికి చేసే మర్యాదలు చేశాం పెద్దా,” అన్నారు అయ్యగారు. “చుట్టమని ఆ పిల్లకి తెలిసిపోయింది. ఒక ఇల్లు చూద్దాం. వచ్చే ఆదివారం ప్రార్థన చేసుకుని నిర్ణయం చేద్దాం. అందాకా ఉన్న ఇంట్లోనే ఉండనీండి.”

ఆయన ఆ మాట అంటూ నావైపు చూశారు. ఆయనొక్కరే కాదు, అందరూ చూశారు. దానమ్మ నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. ఇంకెవరున్నారు చెప్పండి? గట్టి ఇల్లు మాది, నెలజీతం మాది, ఖాళీ ఒడి నాది. మర్నాడే మా ఆయన పెరటి షెడ్డులో ఇనప పైపులు పొందించి చిన్న మంచం చేయడం మొదలెట్టాడు. రోజూ డ్యూటీ దిగాక దానిమీదే పని. నవారు అల్లి, పిల్ల చెయ్యి కోసుకోకుండా అంచులన్నీ ఆకురాయితో నున్నగా రాశాడు. ఆయన ఈల వేయడం నేను అప్పుడే విన్నాను, పెళ్ళయ్యాక మొదటిసారి.

ఆ వారం పిల్ల సంపూర్ణమ్మ ఇంట్లో ఉంది. సంపూర్ణమ్మకి మొగుడు పోయాడు. ముగ్గురు పిల్లలు, పెద్దది రూతు, దయామణి ఈడుదే. కాలవ గట్టు చివర తాటాకు పాక. సీజన్లో తెల్లారక ముందే చెరుకు కొట్టడానికి పోయి, పొద్దుగూకే వేళకి చేతులనిండా ఆకు కోతలతో తిరిగొచ్చేది. ఆ ఇంట్లో పిల్ల ఏం తింటోందో, ఎక్కడ పడుకుంటోందోనని నాకు బెంగ. గురువారం సాయంత్రం సున్నుండలు చేసి, డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. పిల్లకి సంగతి చెవిలో వేద్దామని కూడా ఉంది. ‘ఇంక మూట కట్టుకోనక్కర్లేదే’ అని చెప్పాలని దారి పొడుగునా ఆ మాటే నోట్లో తిప్పుకుంటూ నడిచాను.

పాక ఇంకా దూరంగా ఉండగానే కేకలు వినపడ్డాయి.

“నాది! అది నాది! విప్పవే! విప్పు!”

ఆ గొంతు ఎవరిదో నాకు చప్పున తెలియలేదు. ఆ గొంతు అంత పైకి లేస్తుందని నాకేం తెలుసు! దడి పక్కన నిలబడి చూశాను. వాకిట్లో రూతు పచ్చ పూల గౌను వేసుకుని ఉంది. దయామణి ఒంటిమీద చొక్కా లేకుండా, చెడ్డీతో, జుట్టంతా విరబోసుకుని, రూతు జడ పట్టుకుని గుంజుతోంది. రూతు గిల్లింది. దయామణి చెయ్యి కొరికింది. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. నేను ప్రాణం పెట్టి కుట్టిన లేసు పర్రున చిరిగింది. పాక చూరుకి కట్టిన దండెం మీద దాని మిగతా గౌన్లూ దుప్పటీ ఆ ముగ్గురు పిల్లల బట్టల మధ్య కలిసిపోయి ఆరుతున్నాయి. మూట కట్టిన గుడ్డతో చిన్నవాడు ముక్కు తుడుచుకుంటున్నాడు.

“ఒసే ముదనష్టపుదానల్లారా! ఇప్పుడే గదే ఇంటికొచ్చాను! కాసేపు నన్ను బతకనీరా!” అంటూ సంపూర్ణమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. ఇద్దర్నీ విడదీసి, కూతురి వీపు మీద ఒకటి, దయామణి వీపు మీద ఒకటి వేసింది. ఒకే చెయ్యి, ఒకే దెబ్బ.

నా ఒళ్ళు మండిపోయింది. తల్లీ తండ్రీ లేని పిల్లని కొడతావా అని దడి తోసుకుని వెళ్ళబోయాను.

అప్పుడు దయామణి ఏడ్చింది. రూతులాగా కాదు. ముందు దెబ్బకి ఏడ్చింది, తర్వాత గౌనుకి ఏడ్చింది, ఆ తర్వాత దేనికో తెలియకుండా, కింద కూలబడి, కాళ్ళు కొట్టుకుంటూ, నోట్లో చొంగ కారుతూ ఏడ్చింది. వచ్చిన రోజు నుంచి దాచుకున్నదంతా ఆ వాకిట్లో కుమ్మరించింది. సంపూర్ణమ్మ ఓదార్పు మాటలేం చెప్పలేదు. చేతులు పైటకి తుడుచుకుని, దాన్ని లాగి ఒళ్ళో వేసుకుని, అలాగే పొయ్యి దగ్గరికి మోసుకెళ్ళి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో గంజి వార్చింది. “ఏడువు, ఏడువు. ఏడ్చి ముక్కు చీదుకో, అన్నం తిందువుగానీ,” అంది. పిల్ల ఆ పైటలోనే ముక్కు చీదింది.

మా ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి సెలవడిగిన పిల్ల అది.

నేను లోపలికి వెళ్ళలేదు. దడి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, సున్నుండల డబ్బాతో అలాగే ఇంటికొచ్చేశాను. మా ఆయన షెడ్డులో మంచానికి ఆకుపచ్చ రంగు వేస్తున్నాడు.

“చెప్పావా పిల్లకి?” అన్నాడు.

“లేదు. తీరిక దొరకలేదు దానికి,” అని లోపలికి వెళ్ళిపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు. అయ్యగారు ప్రార్థన చేసి కళ్ళు తెరిచారు. “సంఘం మనసులో ఒక ఇల్లు ఉందని నాకు తెలుసు. అయినా మీ నోటితో చెప్పండి,” అన్నారు. మగవాళ్ళ వైపు మా ఆయన సర్దుకుని కూర్చున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు ఆ రోజు. ఆయన లేవబోతుంటే నేను ముందు లేచి నిలబడ్డాను.

“సంపూర్ణమ్మ ఇంట్లో ఉండనీండి అయ్యగారూ,” అన్నాను.

చర్చిలో ఒక్కసారి కలకలం. మా ఆయన సగం లేచినవాడు అలాగే ఆగిపోయి నావైపు చూశాడు. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. సంపూర్ణమ్మ అయితే బెదిరిపోయింది.

“నేనా? మార్తొదినా, నీకేమన్నా మతిపోయిందా? నా ఇంట్లో ఏముందని? ఉన్న ముగ్గురికే పెట్టలేక చస్తన్నాను. అదీగాక మొన్న దాన్ని కొట్టాను గూడా!”

“చూశాను.”

“చూసి కూడా చెబుతున్నావా?”

“చూశాను కాబట్టే చెబుతున్నా. అది మా అందరి ఇళ్ళల్లో చేతులు కట్టుకుని నిలబడింది. నీ ఇంట్లో పోట్లాడింది. తన ఇల్లు కాకపోతే ఏ పిల్లా నాది అని అరవదు వదినా.” వెంటనే పైట సర్దుకుని అందుకున్నాను. “ఇంక తిండి సంగతి. మనం పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడల్లా దేవుడి పేరున తీసే పిడికెడు బియ్యం ఉన్నాయి గదా, అవి వారం వారం ఆ ఇంటికి చేరాలి. బట్టలు నేను కుడతాను, నలుగురికీ. కూలికి పోయిన రోజు పిల్లల్ని ఎవరో ఒకరం కనిపెట్టుకుని ఉండాలి. పిల్లని తిప్పడం మానేసి మనం తిరుగుదాం.”

“అవి దేవుడి బియ్యం గదమ్మా మార్తా,” అన్నాడు ఇశ్రాయేలు బాబాయి, నసుగుతూ.

“దేవుడు వండుకుని తింటాడా బాబాయ్!” అన్నాను.

ఆడవాళ్ళ వైపు నవ్వులు. అయ్యగారు కూడా తలొంచుకుని నవ్వుకున్నారు. తర్వాత సంపూర్ణమ్మని, “ఏమంటావమ్మా?” అని అడిగారు. ఆమె పిల్లల వైపు చూసింది. దయామణి రూతు పక్కన కూర్చుని, చాప పుల్ల పీకి దాని చెవిలో పెడుతోంది.

“నేననేదేముందండీ. ఉంటే ఉండనీండి. నాకు నలుగురు పిల్లలనుకుంటా,” అంది సంపూర్ణమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

ఇంటికెళ్ళాక మా ఆయన కొత్త చొక్కా విప్పి వంకీకి తగిలించాడు. చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు.

“నాకొక్క మాట చెబితే ఏం పోయేదే?” అన్నాడు చివరికి. కోపంగా కాదు. కోపంగా అనుంటే నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

“చెబితే నువ్వు వద్దనేవాడివి. నువ్వు వద్దంటే నేను ఆగిపోయేదాన్ని,” అన్నాను. అదే నిజం. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఏడ్చాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పిల్లల్లేరని ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడ్చింది ఆ ఒక్కరోజే. అప్పటిదాకా ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చుకునేవాళ్ళం.

సోమవారం పొద్దున ఆయనే ఆ ఆకుపచ్చ మంచాన్ని నెత్తిన పెట్టుకుని కాలవ గట్టు వెంట తీసుకెళ్ళి సంపూర్ణమ్మ పాకలో వేసి వచ్చాడు. ఒక్కరి కోసం చేసిన మంచం మీద నలుగురూ అడ్డంగా పడుకుంటున్నారని, నవారు అప్పుడే కిందికి దిగిందని, వచ్చాక చెప్పాడు. మళ్ళీ బిగించడానికి వెళ్ళాలన్నాడు. వెళ్ళేవాడు కూడా, వారానికోసారి. నవారు అంత తరచుగా ఎందుకు వదులవుతుందో నేనెప్పుడూ అడగలేదు.

వేసవి వచ్చింది. చెరుకు అయిపోయి ఫ్యాక్టరీ గానుగ ఆగింది. సీజనంతా గాలిలో ఉండే బెల్లప్పాకం వాసన పోయి, పేట ఒక్కసారిగా బోసిపోయింది. ఒక మధ్యాహ్నం నేను గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఎండలో చెప్పుల్లేకుండా దయామణి ఒక్కత్తే నడిచొచ్చింది. ముఖం ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. వచ్చి నన్ను దాటుకుని సరాసరి లోపలికెళ్ళింది. కుండలో నీళ్ళు ముంచుకుని, కిందంతా ఒలకబోసుకుంటూ తాగింది. ఎవర్నీ అడగలేదు.

“ఏమైందే?”

“ఇంక నేను ఆ ఇంటికి పోను. మామిడికాయ టెంక రూతుకే ఇచ్చింది. నీ దగ్గరే ఉంటా. రోజూ ఉంటా.”

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. అబద్ధమెందుకు, నా గుండె ఎగిరి గంతేసింది. ఆ ఆదివారం చర్చిలో అందరిముందూ నిలబడి చెప్పిన నీతులన్నీ ఆ నిమిషంలో ఏ కాలవలో కలిసిపోయాయో! దేవా, నేనివ్వాల్సింది నేనిచ్చేశాను, నువ్వు తిరిగి పంపిస్తే నాదేం తప్పు అనుకున్నాను. దాని కాళ్ళు కడిగాను. పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టాను. “ఇంకా” అంది. ఇంకా పెట్టాను. “ఇందులో ఉప్పు లేదు,” అని మూతి తిప్పింది. ఆ మూతి తిప్పుడికి నేను మురిసిపోయాను. తిని, నా ఒళ్ళో తల పెట్టుకుని, నా గాజులు తిప్పుకుంటూ పడుకుంది. ఆ మధ్యాహ్నమంతా నేను కాలు కదపలేదు. తిమ్మిరెక్కినా కదపలేదు. రూతు మీద చాడీలు చెబుతూ చెబుతూ అది నిద్రపోయింది. వెనక్కి పంపకుండా ఉంచేసుకుంటే అడిగేదెవరు, ఎవరేమన్నా అననీ అని కూర్చున్నాను.

ఎండ వాలింది. కాలవ గట్టు వైపు నుంచి సంపూర్ణమ్మ కేక వినపడింది.

“ఒసే మణీ! ఎక్కడ చచ్చావే! పొద్దున్నుంచీ కనపడకుండా... ఇంటికి రా నీ పని చెబుతా!”

పిల్ల ఉలిక్కిపడి లేచింది. కళ్ళు నులుముకుంది. ఒక్క క్షణం నేనెవరో గుర్తురానట్టు చూసింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

“ఉంటానన్నావుగా?” అన్నాను.

“మా అమ్మ పిలుస్తంది అత్తా,” అంది. చెయ్యి విడిపించుకుని ఒక్క పరుగు తీసింది.

అప్పటిదాకా అది సంపూర్ణమ్మని అత్తా అనే పిలిచేది. ఆ మాట సంపూర్ణమ్మ కూడా ఇంకా విని ఉండదు. మొట్టమొదట విన్నదాన్ని నేనే.

పెరట్లో సైకిలు తుడుస్తున్న మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఖాళీగా ఉన్న నా ఒడిని, వాకిలిని చూశాడు.

“ఏదీ, పోయిందా? ఉంటానందిగా?”

లేవబోతే కాళ్ళు రాలేదు. గోడ పట్టుకుని లేచాను.

“వాళ్ళమ్మ పిలిచిందయ్యా, వెళ్ళింది,” అన్నాను.